గురుసామి మామ కట్టిన ఐప్పసి జత

దీపావళి వచ్చే తమిళ నెల ఐప్పసిలో మొదటి వాన పడగానే బీరువా అడుగు అరలోంచి ఒక చొక్కా తీసి కిటికీ పక్కన ఆరవేస్తాను. ముదురు కాఫీ రంగు మీద సన్నటి గోధుమ రంగు గళ్ళు. లోపలివైపు చెయ్యి పెడితే నూగు తగులుతుంది. కలరా ఉండలు, మందపాటి నూలు, కాస్త చెమ్మ కలిసిన వాసన వస్తుంది దాని నుంచి. ఆ వాసనకు నాకు విరుదునగర్‌లో మా పత్రిక ఆఫీసు గుర్తుకొస్తుంది. మెట్లెక్కి, తలుపు దగ్గర చెప్పులు విడిచి, చేతిలో పెద్ద సంచితో లోపలికి వచ్చిన ఒక మనిషి గుర్తుకొస్తాడు. "వచ్చేసినా అల్లుడా" అన్నాడాయన తెలుగులో, నన్ను చూసి నవ్వుతూ. నేను కుర్చీలోంచి లేవలేదు. "ఎవరు కావాలండీ మీకు?" అని తమిళంలో అడిగాను. ఆయన ఎవరో నాకు తెలుసు. ఆయన్ని ఆ రోజు, ఆ వేళకు, అక్కడికి రమ్మన్నదీ నేనే.

ఆయన పేరు గురుసామి. కోవిల్‌పట్టిలో బస్టాండు రోడ్డు పక్కన ప్లాట్‌ఫారం మీద, నీలం టార్పాలిన్ కింద మగవాళ్ళ బట్టలు అమ్మేవాడు. అమ్మేవాడు అంటే చాలదు. తిరుప్పూర్‌లో పై దేశాలకని కుట్టి, ఏదో చిన్న లోపానికి వెనక్కి తోసేసిన బట్టలు మూటలుగా కట్టి వచ్చేవి. ఒక చెయ్యి పొడుగు, ఒక గుండీ రంగు వేరు, కాలరు కొంచెం వంకర. ఆ మూటలు విప్పి, దేనికి ఏది పొత్తు కుదురుతుందో చూసి, పక్కనే ఉన్న చేతి మిషను మీద సరిచేసి, చొక్కా, ప్యాంటు, లోపల వేసుకునే పల్చటి నూలు బనియను కలిపి మనిషికి తగ్గట్టు ఒక జత కట్టేవాడు. బట్టలు అమ్మే ప్లాట్‌ఫారాలు ఆ రోడ్డులో ఇంకా ఉండేవి. జత కట్టేది ఈయన ఒక్కడే.

నేను ఆయన్ని కలిసింది తొంభైల మధ్యలో, ఉద్యోగంలో చేరిన కొత్తలో. మాది విళాత్తికుళం వైపు నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా వాళ్ళకు తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు; ఈ అక్షరాలు నాకు కూడా నలభై దాటాకే వచ్చాయి. కోవిల్‌పట్టిలో గది తీసుకుని రోజూ బస్సులో విరుదునగర్ ఆఫీసుకు పోయేవాణ్ణి. విలేకరి అంటే తెల్ల చొక్కా అని ఎవరు చెప్పారో గాని, నాకున్నవి రెండే చొక్కాలు, రెండూ తెల్లవే. ఆ ఏడు ఐప్పసి వాన మొదలైన పొద్దున బస్సు కోసం పరుగెత్తుతూ జారి, బురదలో మోకాళ్ళ మీద పడ్డాను. పడ్డవాణ్ణి పడ్డట్టే వానను తెలుగులో ఒక తిట్టు తిట్టాను. టార్పాలిన్ కింద నుంచి నవ్వు వినిపించింది.

"ఏమప్పా, నువ్వు మన మనిసివా? దా, లోపలికి దా. సట్టై తడిసి ఒంటికి అతుక్కున్యాది. లోపల బనియన్లో నాలుగు బొక్కలు ఉండాయి, నేను ఈడినుంచే ఎంచినా."

నాకు కోపం వచ్చింది. ఆయన పట్టించుకోకుండా ఒక తువ్వాలు ఇచ్చి, మూటలోంచి బూడిద రంగు చొక్కా ఒకటి లాగి, ముదురు గోధుమ రంగు ప్యాంటు దాని మీద పరిచి చూసి, మళ్ళీ ప్యాంటు మార్చి, "ఇది వేస్కో" అన్నాడు. వేసుకున్నాను. అద్దం కోసం చూశాను. అక్కడ అద్దం లేదు. "టీ కడ దాకా పొయ్యి రా" అన్నాడు. వానలో టీ కొట్టు దాకా నడిచి వచ్చాను. ఆయన నా ముఖం చూడలేదు, నా చేతులనే చూస్తున్నాడు. "యాడా ఇగ్గలేదు, సవరించుకోలేదు. సట్టై ఉండాదనే మరిసినావు. అంటే కుదిరింది" అన్నాడు. ఊరూ పేరూ అడిగాడు. మా అమ్మ పుట్టిన పల్లె పక్కదే ఆయనది అని తేలింది. ఆ నిమిషం నుంచి ఆయన మామ, నేను అల్లుడు.

తర్వాత నాలుగేళ్ళు, ఆఫీసుకు సెలవైన రోజుల్లో ఆ టార్పాలిన్ కిందే కూర్చునేవాణ్ణి. ఆయన చదివింది ఐదో తరగతి. తమిళం కూడబలుక్కుని చదివేవాడు. కాని బట్ట గురించి మాట్లాడితే నేను వింటూ ఉండిపోయేవాణ్ణి. మూటల్లో వచ్చే ఆ నూగు చొక్కాలు ఎక్కడివని ఒకసారి అడిగాను. "ఆ దేశాల్లో ఆకు రాలే కాలం అని ఒకటి ఉండాదంట. ఎండ పొయ్యింటాది, చలి ఇంకా వచ్చిండదు. ఆ రెండు నెలలకని కుట్టేది ఇది. మనకి ఆ కాలం లేదు. మనకి ఐప్పసి ఉండాది" అన్నాడు. ఆయన లెక్కలో రెండూ ఒకటే. ఐప్పసిలో మా ప్రాంతం పొద్దున చల్లగా, మధ్యాహ్నం ఉక్కగా, సాయంత్రం వానగా ఉంటుంది. పొద్దున్నే మోపెడ్ మీద పాలు పోసేవాడికి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్ళే మేస్త్రీకి, బస్సు కండక్టరుకు రోజులో మూడుసార్లు విప్పి వేసుకోగలిగే బట్ట కావాలి. లోపల పల్చటిది, పైన నూగు చొక్కా గుండీలు తీసి, చేతులు మడిచి. ఉక్క పోస్తే నడుముకు కట్టుకోవాలి, వాన వస్తే గుండీలు పెట్టుకోవాలి. "నేలని సూసి కింద కట్టు, మబ్బుని సూసి పైన కట్టు" అనేవాడు. కింద రేగడి బురద రంగు, పైన మబ్బు రంగు. వానాకాలం సంతకు పోయేటప్పుడు వాళ్ళ నాయన చెప్పే మాట అది.

ఒకసారి ఒక బడి మాస్టరు వచ్చి, ఎర్ర గళ్ళ చొక్కాకు జతగా గళ్ళ ప్యాంటే కావాలని పట్టుబట్టాడు. మామ తమిళంలో చాలా మర్యాదగా, "సార్, ఒకే ఒంటి మీద రెండు గళ్ళు ఉంటే అవి రెండూ మాట్లాడుకుంటూ ఉంటాయి. క్లాసులో మీ మాట ఎవరు వింటారు?" అన్నాడు. మాస్టరు నవ్వలేదు. మామ ఇచ్చిన సాదా ప్యాంటు వేసుకుని, టీ కొట్టు దాకా నడిచి, అట్నుంచి అటే బడికి వెళ్ళిపోయాడు. మరుసటి వారం ఇంకో ఇద్దరు మాస్టర్లను వెంటబెట్టుకొచ్చాడు.

ఆయనకు ఒక కోరిక ఉండేది. రోడ్డు వెడల్పు చేస్తారని, ప్లాట్‌ఫారం మీద వాళ్ళను లేపేస్తారని అప్పటికే మాట వినిపిస్తోంది. ఆయనకు యాభై దాటింది. వానాకాలం వస్తే తడి నేల మీద కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేసేవి. లేవాలంటే మిషను పట్టుకుని లేచేవాడు. విరుదునగర్‌లో ఒక పెద్ద జౌళి కొట్టు మగవాళ్ళకని కొత్తగా ఒక అంతస్తు తెరవబోతోంది. దాన్ని చూసుకునే మనిషి కోసం వెతుకుతున్నారు. మామ ఒక రోజు పని మానుకుని వెళ్ళి అడిగాడు. మేనేజరు ఆయన్ని మెట్లు కూడా ఎక్కనివ్వలేదు. "రిజెక్ట్ గుడ్డలోడా అన్న్యాడు అల్లుడా. గుడ్డ రిజెక్ట్ అయితే నేను కూడా రిజెక్టా?" అని నవ్వుతూనే చెప్పాడు నాతో. తర్వాత కాసేపు మిషను తొక్కి, తల ఎత్తకుండానే, "ఆ ఓనరు అణ్ణాచ్చి దినమూ మీ పేపరు సూస్తాడంట. నా పేరు ఒక్క తూరి దాంట్లో వస్తే..." అన్నాడు.

ఆ అవకాశం నా చేతికే వచ్చింది. మా విరుదునగర్ ఆఫీసు పెద్ద సెల్వం సార్. మామ కట్టిన జతలు వేసుకుని పోతుంటే నన్ను "వచ్చాడయ్యా మైనరు" అని ఎగతాళి చేసేవాడు. ఆ ఏడు దీపావళి అనుబంధంలో వానాకాలంలో మగవాళ్ళు ఏం వేసుకోవాలి అని ఒక పూర్తి పేజీ రాయమని నాకే ఇచ్చాడు. నేను ఆ సాయంత్రమే టార్పాలిన్ దగ్గరికి పరుగెత్తాను. మామ ఒక వారం పాటు మూటలన్నీ విప్పి ఐదు జతలు కట్టాడు. నేను రాసుకున్నాను. "పోటో కూడా వేస్తారా?" అని అడిగాడు. వేస్తారన్నాను. "శుక్రవారం పొద్దున పదింటికి జతలు తీసుకుని ఆఫీసుకు రా మామా, ఫోటోగ్రాఫర్ ఉంటాడు" అని చెప్పాను.

గురువారం నేను రాసింది సెల్వం సార్ చదివాడు. బాగుందన్నాడు. కళ్ళజోడు తీసి, "ఎవరు చెప్పారు ఇవన్నీ?" అని అడిగాడు. ఆయన నా జవాబు కోసం ఆగకుండా, "ఎవరైనా నిపుణుడి పేరు ఉండాలి. పేజీ కింద సగం ఆ జౌళి కొట్టు ప్రకటన. పైన ఎవడో ప్లాట్‌ఫారం వాడి మాట వేస్తే నవ్వుతారు" అన్నాడు. ప్లాట్‌ఫారం అన్నది ఆయన మాటవరసకే. మామ సంగతి ఆయనకు తెలియదు. నేను మాత్రం ఉలిక్కిపడ్డాను. "మదురైలో ఒక డ్రెస్ డిజైనర్ సార్" అన్నాను. పేరు అడిగాడు. నోటికొచ్చిన పేరు ఒకటి చెప్పాను. అలాంటి మనిషి మదురైలో లేడు, ఎక్కడా లేడు. ఆయన ఆ పేరు తన చేత్తోనే రాసుకుని, మామ మాటలన్నిటి చివరా అతికించాడు. జతలు కొట్టువాళ్ళే పంపిస్తారు, ఫోటోకు మన సర్క్యులేషన్ కుర్రాణ్ణి నిలబెడదాం అన్నాడు. నేను తల ఊపాను.

మామకు ఫోను లేదు. కాని నేను ఉండేది కోవిల్‌పట్టిలోనే. ఆ సాయంత్రం బస్సు దిగి ఆయన టార్పాలిన్ ముందు నుంచే గదికి నడవాలి. ఆ రోజు చుట్టు తిరిగి వేరే వీధిలోంచి వెళ్ళాను. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

శుక్రవారం పదింటికి సెల్వం సార్ ఎదురుగా జౌళి కొట్టు అణ్ణాచ్చి స్వయంగా వచ్చి కూర్చుని ఉన్నాడు, ప్రకటన ప్రూఫు చూసుకోవడానికి. మామ అప్పుడే వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. మబ్బు రంగు నూగు చొక్కా, రేగడి రంగు ప్యాంటు, చేతులు మోచేతి దాకా ఒకే వెడల్పున మడిచి ఉన్నాయి. ఆయనను నేనెప్పుడూ పంచెలో తప్ప చూడలేదు. తన కోసం ఆయన జత కట్టుకోవడం నాకు తెలిసి అదే మొదటిసారి. "వచ్చేసినా అల్లుడా" అన్నాడు.

గడప బయట తమిళం మాట్లాడడం మాలో తప్పు కాదు, అది అలవాటు. బజారులో తెలుగులో పలకరిస్తే తమిళంలో బదులిచ్చేవాళ్ళు మాలో సగంమంది. ఆ అలవాటు వెనక నేను దాక్కున్నాను. "ఎవరు కావాలండీ మీకు?" అన్న నా మాట విని సెల్వం సార్ తలెత్తి, "ఎవరయ్యా ఈయన?" అన్నాడు. "తెలియదు సార్" అన్నాను.

మామ నన్ను చూశాడు. సెల్వం సార్‌ను, అణ్ణాచ్చిని చూశాడు. తర్వాత మంచి తమిళంలో, "మన్నించండి సార్. చిన్న చిన్న ప్రకటనలు తీసుకునే ఆఫీసు ఇదే అనుకుని వచ్చాను. మేడ తప్పాను" అన్నాడు. అంటూ చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగాడు. ఒకసారి కాదు, రెండు సార్లు. భుజం దగ్గర సర్దుకున్నాడు. సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. మెట్ల మీద ఆయన మోకాళ్ళ బరువు అడుగులు చివరి మెట్టు దాకా విన్నాను. ఐదు మెట్ల పాటు పరుగెత్తితే అందుకునేవాణ్ణి.

అనుబంధం వచ్చింది. పేజీని అందరూ మెచ్చుకున్నారు. మూడో రోజున అణ్ణాచ్చి నుంచి నాకు ఫోను వచ్చింది. "తంబీ, ఆ మదురై మనిషి ఎవరు? ఆ నేల, మబ్బు మాట నా మనసుకు పట్టేసింది. మా మగవాళ్ళ అంతస్తు చూసుకోవడానికి అలాంటివాడే కావాలి. ఎక్కడున్నా సరే, పిలిపిస్తాను. చిరునామా ఇవ్వు" అన్నాడు.

దేవుడు మనకు తప్పు దిద్దుకునే దారిని ఇంత స్పష్టంగా చూపించడం నా జీవితంలో మళ్ళీ జరగలేదు. ఒక్క వాక్యం చెప్పాలి. ఆ మనిషి మదురైలో లేడు, కోవిల్‌పట్టి బస్టాండు రోడ్డులో ఉన్నాడు, మొన్న శుక్రవారం మీ ఎదుటే నిలబడ్డాడు అని. చెబితే అచ్చులో అబద్ధం రాసినవాణ్ణి నేనని తేలుతుంది, ఉద్యోగం పోతుంది. "ఆయన బెంగళూరు వెళ్ళిపోయారు అణ్ణాచ్చీ, ఇప్పట్లో రారట" అన్నాను. "అయ్యో" అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ. వారం తిరక్కుండా ఆ పనిలోకి వేరొకరిని తీసుకున్నారు.

దీపావళి వెళ్ళిన పదిహేను రోజులకు గాని నేను టార్పాలిన్ దగ్గరికి పోలేకపోయాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. మామ పంచెలో, మిషను ముందు ఎప్పటిలాగే ఉన్నాడు. "దా అల్లుడా, కూర్చో" అన్నాడు. పాత మూట కింద నుంచి మడత పెట్టిన అనుబంధం తీశాడు. "బాగ రాసిండావు. రెండు దినాలు సదివినా." తర్వాత ఆ పేరు మీద వేలు పెట్టాడు. "ఈ మదురై మనిసి యవరప్పా? నేలని సూసి కింద కట్టమనేది మా నాయన నాకి చెప్పింది. ఆయప్పకి యవరు చెప్పింటారో. అంతా మన మాదిరే అంటాడే."

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఎగతాళి కోసం వెతికాను. కనబడలేదు. కనబడకపోవడం వల్లనే ఉందేమోనని కూడా అనిపించింది.

"ఒక తూరి నన్ను ఆయప్ప దగ్గరికి కూట్టుకోని పో. ఏమీ అడగను. రెండు మాటలు మాట్లాడి వస్తా."

"చూస్తాను మామా" అన్నాను, తెలుగులోనే. అక్కడ వినేవాళ్ళెవరూ లేరు మరి.

శుక్రవారం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లేచేటప్పుడు ఒక చొక్కా నా చేతిలో పెట్టాడు. కాఫీ రంగు మీద గోధుమ గళ్ళు. "నీకని తీసి పెట్టింటిని. మెడ కాడ లేబులు కత్తిరించినా, గుచ్చుకోదు" అన్నాడు. ఈసారి టీ కొట్టు దాకా నడిచి రమ్మనలేదు. నేను దాన్ని ఇంతవరకూ తొడుక్కోలేదు.

తర్వాతి ఏడు నాకు చెన్నై బదిలీ అయింది. వెళ్తున్నానని ఆయనకు చెప్పకుండానే వెళ్ళాను. మిగిలిన ఉద్యోగకాలమంతా ఎవరి మాట రాసినా వాళ్ళ పేరూ ఊరూ అడిగి, ఒకటికి రెండుసార్లు సరిచూసి రాశాను. చేతికింద పనిచేసిన పిల్లలు దాన్ని నా చాదస్తం అనుకునేవాళ్ళు. కొందరు నిజాయితీ అనుకుని పొగిడేవాళ్ళు. పొగిడినప్పుడల్లా చొక్కా అంచు కిందికి లాక్కోవాలనిపించేది. మా పత్రికలో తప్పులకు సవరణ వేయడానికి చిన్న చోటు ఒకటి ఉండేది. దాని బాధ్యత కొన్నేళ్ళు నాదే. ఊళ్ళ పేర్లు సవరించాను, ఇనిషియళ్ళు సవరించాను. ఆ ఒక్క పేరు సవరించలేదు.

రెండువేల ఐదో ఆరో, ఒక బంధువుల పెళ్ళికని వెళ్ళి కోవిల్‌పట్టిలో దిగాను. రోడ్డు వెడల్పయింది. టార్పాలిన్ ఉన్న చోట బస్సులు మలుపు తిరుగుతున్నాయి. టీ కొట్టులో అడిగితే ఇల్లు చెప్పారు. మామ పోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. ప్లాట్‌ఫారం పోయాక ఆయన సైకిల్ మీద మూట కట్టుకుని పల్లెలు తిరిగేవాడట, ఆ మోకాళ్ళతోనే. ఆయన భార్య నన్ను ఎరగదు. పేపరు నుంచి వచ్చానంటే గుర్తుపట్టింది. "నువ్వేనా నాయనా ఆ అల్లుడు? నీ మాట బాగ చెప్తాండె" అని లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. పెట్టెలోంచి మడతల దగ్గర చిరిగిన ఆ అనుబంధం తీసి చూపించింది.

"ఇది పెట్టుకోని ఒక తూరి మదురైకి పొయ్యొచ్చినాడు" అంది. "ఎప్పుడూ పంచె కట్టేటోడు, ఆ పొద్దు ప్యాంటు, ఆ మబ్బు రంగు సట్టై వేసుకోని మొదటి బస్సుకే పొయ్యినాడు. మాపుసారికి వచ్చినాడు."

ఎవరినైనా కలిశాడా అని అడిగాను.

"అడిగినా. ఆయప్ప ఊళ్ళో లేడంట, బెంగళూరు పొయ్యినాడంట అన్న్యాడు."

బెంగళూరు అన్న మాట నేను అణ్ణాచ్చికి ఒక్కడికే, ఫోనులో చెప్పాను. మామకు అది ఎక్కడ తెలిసిందో, ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.